సైనిక సంక్షేమ కార్యాలయంలో రంగులకూ ఇంత జాగా ఇవ్వండి



ఏటా డిసెంబరు 7 రాగానే మన కలెక్టరేట్లలో సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతుంది. చొక్కాలకు స్టిక్కర్లు, డబ్బాలో చందాలు, ఒక ఫొటో. 1949 నుంచి వస్తున్న ఆనవాయితీని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ సొమ్ములో కొంత మాజీ సైనికుల మనసు కుదుటపడటానికి, వాళ్ల ఇంటివాళ్ల కోసం వాడమని అడగడానికి రాస్తున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో వారానికి ఒక పూట బొమ్మలు వేయించే, నేత నేర్పే, పాట పాడించే గది ఒకటి తెరవాలి. అక్కడ ఒక సైకాలజిస్టు ఉండాలి.

ఈ మాటంటే మా ఊరి హవల్దారే నవ్వాడు. "తుపాకీ పట్టినోని చేతికి కుంచె ఇస్తవా సారూ" అన్నాడు. ఆయన నవ్వింది నాకు నచ్చింది కూడా. కానీ సున్నపురాయి క్వారీలో రాళ్లు పేల్చినప్పుడల్లా ఆయన చేతిలో చాయ్ గ్లాసు ఆగదని ఊరందరికీ తెలుసు. డాక్టరు దగ్గరికి పొమ్మంటే "నాకేమైంది" అంటాడు. మిలట్రీ ఆయనకు భయమేంటి, నిద్ర పట్టకపోవడమేంటి అని ఊరు అనుకుంటుందని ఆయన లెక్క.

2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు ప్రాణం ఇచ్చాడు. ఆ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. కేంద్రం మహావీర్ చక్ర ప్రకటించింది. సూర్యాపేటలో విగ్రహం నిలబెట్టారు. అన్నీ సముచితమే. ప్రాణాలతో తిరిగొచ్చి, రాత్రిళ్లు కునుకు లేక మంచం మీద కూర్చునేవాళ్ల సంగతి మాత్రం ఏ ఫైలులోనూ కనిపించదు. సంక్షేమ కార్యాలయానికి పోతే పెన్షను, గుర్తింపు కార్డు, పిల్లల స్కాలర్‌షిప్పు గురించి మాట్లాడతారు. ఆ కార్యాలయం పని అదే అనుకుంటున్నాం, అక్కడే వస్తోంది చిక్కు.

సాయం అసలే లేదని అనను. 2022లో కేంద్రం టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ పెట్టింది, 14416కు ఎవరైనా ఫోన్ చేయొచ్చు. 2023 డిసెంబరులో సైనికుల కోసం పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగమూ తెరిచారు. మంచిదే. కానీ ఫోన్‌లో చెప్పుకోవాలంటే ముందు నోట మాట రావాలె గదా. ఆ మాటే రానివాళ్లకు ఏం చేస్తాం?

బొమ్మకు పని పడేది అక్కడే. ఆర్ట్ థెరపీ అనే పేరు 1942లో పెట్టిన ఏడ్రియన్ హిల్ మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయి, ఆ యుద్ధాన్ని గీసిన చిత్రకారుడు. టీబీ వచ్చి శానిటోరియంలో పడుకున్నప్పుడు తాను గీసుకుంటూ తోటి రోగులచేతా గీయించాడు. యుద్ధంలో గాయపడి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో మెదడుకు దెబ్బ తగిలిన సైనికులు ముఖాల మాస్కులు చేసి, లోపలున్నదంతా వాటి మీద రంగుల్లో పెట్టారు. 2015 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ ఆ మాస్కులను ముఖచిత్రం చేసింది. కుట్లు వేసిన నోరు, పగిలిన పుర్రె, సగం ముఖం మీద జెండా. భార్యకు కూడా చెప్పని సంగతులవి. మన దేశంలోనూ పుణే దగ్గర ఖడ్కీ పునరావాస కేంద్రంలో మెడ కింద ఒళ్లు చచ్చుబడిన మాజీ సైనికులు కుంచె నోట పట్టి బొమ్మలు వేశారు.

మన దగ్గర మాస్కులకు కాగితం గుజ్జు కూడా అక్కర్లేదు. భువనగిరి జిల్లాకు ఎంతో దూరం లేని చేర్యాలలో రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి మాస్కులు చేసే నకాషీలున్నారు. పోచంపల్లి, పుట్టపాకలో దారానికి ముడులేసి రంగులో ముంచే నేతన్నలున్నారు. చేతుల్ని, కళ్లను, లెక్కను ఒకేసారి పనిలో పెట్టే విద్య అది, మనసు అటూ ఇటూ పోనివ్వదు. పాలమూరు దిక్కున కిన్నెర మొగిలయ్య, బుర్రవీణ కొండప్పల వల్ల రెండు పద్మశ్రీలొచ్చాయి. ఇలాంటి కళాకారులకు ఆ గదిలో నెలకు ఇంతని గౌరవవేతనం ఇస్తే వాళ్ల చేతికీ నాలుగు పైసలు వస్తాయి.

ఆ గది సైనికుడొక్కడి కోసమే కాకూడదు. ఇల్లాలు పదిహేనేళ్లకు పైగా అత్తామామల్ని, పిల్లల్ని, బోరుబావిని ఒంటిచేత్తో చూసుకుంది. ఇంటికొచ్చిన మనిషి పరాయివాడిలా మౌనంగా కూర్చుంటే ఆమె ఎవరితో చెప్పుకోవాలి? పిల్లలనూ రానివ్వండి. తండ్రీకొడుకులు ఒకే కాగితం మీద గీస్తే ఆ పూటకు అదే పెద్ద సంభాషణ.

తొందర ఎందుకంటే, అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరిన తొలి బ్యాచ్ నాలుగేళ్ల గడువు 2026 చివర ముగియడం మొదలవుతుంది. వాళ్లలో 75 శాతం దాకా ఇంటికి వస్తారు. సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు ఇస్తారు గానీ పెన్షనూ, మాజీ సైనికుడనే హోదా ఉండవు. ఇరవై రెండు, ఇరవై అయిదేళ్ల పిల్లలు. ఈ గదిలో వాళ్లకూ చోటుండాలని ఇప్పుడే రాసిపెట్టండి.

"ముందు మాకు రావాల్సిన భూమి పట్టా ఇప్పించండి, తర్వాత బొమ్మలు" అనేవాళ్లున్నారు. వాళ్లు అన్నది న్యాయమే. పట్టా ఇవ్వండి. దానికీ దీనికీ పోటీ ఏముంది? పట్టా ఫైలు నడిచినన్నాళ్లు మనిషి నిద్రపోవాలె గదా.

ఒక హెచ్చరిక కూడా చేస్తాను. నాలాంటి డ్రాయింగ్ మాస్టారు గీత నేర్పగలడు, గాయం మాన్పలేడు. సైకాలజిస్టు లేకుండా రంగులు పంచి ఫొటో దిగితే అది చికిత్స అనిపించుకోదు, మందులు ఆపమని చెబితే హాని కూడా. వేసిన బొమ్మలను వాళ్ల అనుమతి లేకుండా ప్రదర్శనలకు పెట్టవద్దు.

జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షులు కలెక్టర్లే. ఈ ఏటి పతాక నిధిలోంచి ఒక గదికి, రంగులకు, సైకాలజిస్టు రాకపోకలకు డబ్బు కేటాయించి ఆరు నెలలు నడిపి చూడాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లను కోరుతున్నాను. గీత నేర్పడానికి పైసా తీసుకోకుండా నేను వస్తాను. రిటైరైన డ్రాయింగ్ మాస్టార్లు ప్రతి మండలంలో ఉన్నారు, వాళ్లనూ పిలవండి.

ఇట్లు,
విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా