ఫ్రీ పాఠాలకి గ్యారంటీ ఎవరు?

తాడేపల్లి: 2022 జూన్ 16న ఇక్కడి అప్పటి సీఎం క్యాంప్ ఆఫీసులో పాఠశాల విద్యాశాఖ, బైజూస్ మధ్య అవగాహన ఒప్పందం కుదిరింది. గవర్నమెంట్ బడి పిల్లలకి బైజూస్ పాఠాలు ఫ్రీ అన్నారు. అదే ఏడాది డిసెంబర్ 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి 5,18,740 ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు.

లెక్క చూద్దాం. సర్కారు ట్యాబ్‌ల విలువనీ పాఠాల విలువనీ కలిపి చెప్పింది. ట్యాబ్‌లకి రూ.686 కోట్లు, పాఠాలకి రూ.778 కోట్లని చెప్పారు. ట్యాబ్‌ల డబ్బు ఖజానా నుంచి పోయింది. పాఠాల విలువ మాత్రం కంపెనీ తన యాప్‌కి తానే పెట్టుకున్న రేటు. బీకాం మొదటి ఏడాది కుర్రాడు కూడా ఈ రెండింటినీ ఒకే వరుసలో కూడడు!

డబ్బు అడగని కంపెనీతో బేరం ఉండదు. బేరం లేకపోతే తక్కువ ధర ఎవరిస్తారన్న పోటీ కూడా ఉండదు. సేవ ఆగితే బిల్లు ఆపడానికి అక్కడ బిల్లే లేదు, అసలు చిక్కు ఇదే.

2024 జూలై 16న, బీసీసీఐకి రూ.158 కోట్ల బాకీ కేసులో, బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబ్‌లో ముందే ఎక్కించిన పాఠం మెమరీ కార్డులో ఉంటుంది సరే, సిలబస్ మారితే దాన్ని మార్చేదెవరు?

ఇకపై సమగ్ర శిక్ష చేసే ఏ ఒప్పందంలోనైనా, ఫ్రీ అయినా సరే, కంపెనీ మూతపడితే పాఠాలు ఎవరి సొత్తన్న షరతు ముందే రాయాలి. ఉర్దూ మీడియం పిల్లలకి ఏ భాషలో ఇస్తారో కూడా అందులోనే ఉండాలి. ఆ కాగితం బడి తల్లిదండ్రుల కమిటీ చేతికి రావాలి.