సంప్రదాయాన్ని తయారు చేసింది రేడియోనా, శ్రోతనా?

రేడియో, జాతీయ భావన అనే అంశం వ్యాసంగా వస్తే మనలో చాలామంది ఒకే దారిలో వెళ్తాం. 1936లో ఆలిండియా రేడియో పేరు, 'బహుజన హితాయ' నినాదం, భిన్నత్వంలో ఏకత్వం, ముగింపు. తప్పేమీ లేదు. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ప్రభుత్వం వినిపించినంత మాత్రాన జనం దాన్ని తమదనుకున్నారా?

లేదనే నా అభిప్రాయం. రేడియో వేదిక ఇచ్చింది, తీర్పు శ్రోత చెప్పాడు.

1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతమే దేశ సంస్కృతి అని నమ్మి, సినిమా పాటలను ఆకాశవాణికి దూరం చేశారు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పుట్టింది.

ఇక నేను చదువుకుంటున్న ఖరగ్‌పూర్ పూరీ గేట్ ఉన్న బెంగాల్ సంగతి. మహాలయ తెల్లవారుజామున వినే 'మహిషాసురమర్దిని' అనాదిగా వస్తున్న ఆచారంలా అనిపిస్తుంది. నిజానికి అది 1930ల ఆరంభంలో కలకత్తా రేడియో కేంద్రంలో పుట్టిన కార్యక్రమం. 1976లో బీరేంద్ర కృష్ణ భద్ర గొంతు తీసేసి, సినీ నటుడు ఉత్తమ్ కుమార్‌తో కొత్త కార్యక్రమం వేస్తే శ్రోతలు మండిపడ్డారు. పాతదే తిరిగొచ్చింది. అంటే నలభై ఏళ్లకే రేడియో కార్యక్రమం సంప్రదాయమైపోయింది, దాన్ని మార్చే అధికారం రేడియో చేతిలోంచి జారిపోయింది.

మనకూ అలాంటివి ఉన్నాయి. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం నుంచి బాలాంత్రపు రజనీకాంతరావు 'భక్తిరంజని', ఉషశ్రీ రామాయణ, భారత ప్రసంగాలు ఇంటింటి అలవాటయ్యాయి. ఎవరూ ఆజ్ఞాపించలేదు.

అయితే శ్రోతకు తీర్పు చెప్పే అవకాశం రావాలంటే ముందు అతని భాష గాలిలో వినిపించాలి. ప్రసార భారతి చట్టం, 1990 లోని 12వ సెక్షన్ దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన చోటు ఇవ్వమంటుంది. మరి రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి తరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారిది ఏ ప్రాంతం? 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. కాబట్టి ప్రాంతం అంటే రాష్ట్ర సరిహద్దు మాత్రమే అనుకోవడం సరికాదు.

దారి కూడా ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2008లో జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ఆ మాటను ఆచరణలో చూపించింది. వలస పట్టణాల్లోనూ అలాంటి కమ్యూనిటీ రేడియోలు రావాలి.

మీ వ్యాసంలో ఏకత్వం గురించి రాయండి. దానితోపాటు, అది పైనుంచి దిగివచ్చేది కాదని, తన గొంతు విన్న మనిషే దేశం తనదనుకుంటాడని కూడా రాయండి.