జార్ ఏదో రాశారా?

మాది కొండాపూర్. ఐటీ కంపెనీల కొండాపూర్ కాదు, సంగారెడ్డి దగ్గర శాతవాహనుల నాణేలు దొరికిన కొండాపూర్. మా నానమ్మ కొత్త రోలు కొంటే మొదట తవుడు వేసి నూరి పారేసేది. "రాయి కూడా అరుగుతది బిడ్డా, ఇసుక పంటి కిందికొస్తది" అనేది. చింతకాయ తొక్కు మాత్రం జాడీలోనే పెట్టేది, స్టీలు డబ్బాలో పెట్టనిచ్చేది కాదు.

ఈమధ్య ఒక ఎక్సెల్ షీట్ ముందు కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. ఒక సీనియర్ అన్న బ్యాటరీ ప్రాజెక్టులో నాది డేటా పని. మెటీరియల్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. రెసిపీ ఒకటే, బ్యాచ్‌లు రెండు. ఒక బ్యాచ్ సెల్స్ బాగానే ఉన్నాయి, రెండోవి ఊరికే పెట్టినా చార్జ్ దిగిపోతోంది. వారం రోజులు నా కోడ్‌లోనే తప్పు వెతికాను. తీరా అడిగితే, ఒకటి జిర్కోనియా జార్‌లో, ఇంకోటి స్టీల్ జార్‌లో నూరారట! షీట్‌లో ఆ కాలమే లేదు. కారణం అదేనా అని టెస్ట్ చేద్దామంటే పొడి మిగల్లేదు. రెండు నెలల పని ఎటూ తేలలేదు.

బాల్ మిల్‌లో బంతులు గంటల తరబడి జార్‌ని కొడుతూనే ఉంటాయి. అరగని జార్ అంటూ లేదు. కాబట్టి అడగాల్సింది "ఏది అరగదు?" అని కాదు, "ఏది అరిగి కలిసినా నా పొడి తట్టుకుంటుంది?" అని.

"లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో ఎలాగూ ఐరన్ ఉందిగా, స్టీల్ అయితే ఏంటి?" అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అందులోని ఐరన్ ఫాస్ఫేట్‌తో కట్టుబడి ఉంటుంది. జార్ నుంచి రాలేది లోహం. సెల్ వోల్టేజ్‌కి అది ఎలక్ట్రోలైట్‌లో కరిగి, యానోడ్ మీద పేరుకుని, లోపల షార్ట్ చేయగలదు. స్టెయిన్‌లెస్ అయితే క్రోమియం, నికెల్ కూడా వస్తాయి. టంగ్‌స్టన్ కార్బైడ్ గట్టిదే, కానీ దాన్ని పట్టి ఉంచేది సాధారణంగా కోబాల్ట్. అగేట్‌లో లోహం బెడద లేదు, కానీ తేలిక: సాంద్రత 2.6 మాత్రమే, దెబ్బలో బలం తక్కువ. జిర్కోనియాది దాదాపు 6. అదీ అరుగుతుంది, కానీ ఆ పొడి సెల్‌లో దాదాపు ఏ గొడవా చేయదు, ఉత్త బరువు అంతే.

మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌నే హై ఎనర్జీ మిల్లింగ్‌తో తయారుచేసే పద్ధతి రూపొందించింది. అంటే నూరడం చిన్న పనేం కాదు, అసలు పనే అది.

జిర్కోనియా ఖరీదెక్కువే, నిజం. అయినా ల్యాబ్‌కి ఒక్క సెట్టే కొనగలిగితే జార్, బంతులు రెండూ జిర్కోనియావే కొనాలని నా అభిప్రాయం. అదీ కుదరకపోతే స్టీలే వాడండి, కానీ రాయండి: జార్ ఏది, బంతులు ఏవి, ఎన్ని గంటలు. మూడు కాలమ్‌లకు ఖర్చేం లేదు.

సీఎస్ వాళ్లకి ఒక మాట. డేటా చేతికి రాగానే మోడల్ మొదలుపెట్టకండి. ముందు ల్యాబ్‌కి వెళ్లి "దేంట్లో నూరారన్నా?" అని అడగండి. నేను ఆ ప్రశ్న వారం లేటుగా అడిగాను.