గోల్కొండ వద్దు, ఆర్ట్స్ కాలేజీ చాలు

డిసెంబరు సెలవులకి మా అమ్మాయి, అల్లుడు, తొమ్మిదేళ్ళ మనవరాలు డల్లాస్ నుంచి వచ్చారు. ఇక చూసుకోండి, హబ్సిగూడలో మా ఇల్లంతా సూట్‌కేసులే! అల్లుడుగారు వస్తూనే కాగితం మీద ప్రోగ్రాం వేసేశారు. శనివారం గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం. మూడూ ఒక్క రోజులోనే!

గోల్కొండ పైదాకా వెళ్ళాలంటే మూడొందల పైచిలుకు మెట్లు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. ఆ మాటంటే వాళ్ళ ప్రోగ్రాం ఎక్కడ పాడవుతుందోనని, "పనమ్మాయి రావాలి, మీరు వెళ్ళి రండి" అని అబద్ధమాడేశాను. ఇలాంటి అబద్ధం ఆడని అమ్మమ్మ ఉంటే చేయెత్తండి! వాళ్ళటు వెళ్ళగానే ఇల్లు బోసిపోయింది. ఉండేదే పదిహేను రోజులు, అందులో ఒకరోజు చేతులారా పోగొట్టుకున్నానే అని అన్నం కూడా సయించలేదు.

రాత్రి నా పక్కలో చేరి మనవరాలు అడిగింది. "అమ్మమ్మా, పనమ్మాయి మేం వెళ్ళకముందే వచ్చి వెళ్ళిపోయిందిగా. నువ్వెందుకు రాలేదు?" దొరికిపోయాను. మోకాళ్ళ నొప్పులని చెప్పక తప్పలేదు. తెల్లారేసరికి ఆ మాట ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. "ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా" అని అల్లుడుగారు నొచ్చుకున్నారు. ఇవాళ అమ్మమ్మ ఎక్కడికంటే అక్కడికే అని పిల్ల తీర్పు!

"అయితే ఆర్ట్స్ కాలేజీకి" అన్నాను. "అదెక్కడికి పోతుందమ్మా, పక్కనేగా!" అని నవ్వింది అమ్మాయి.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే, "మీరూ వస్తారా?" అని కాకుండా "ఎక్కడికి వెళ్దాం?" అని అడిగి చూడండి. పూటకి ఒక్క చోటు చాలు. అక్కడ కూర్చోడానికి నీడ, బాత్‌రూం ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. పులిహోర తీసుకెళ్తే మాత్రం అన్నం పళ్ళెంలో బాగా ఆరబోసి కలపండి. వేడిమీద డబ్బాలో పెట్టి మూతేస్తే చెమర్చి ముద్దయిపోతుంది.

ఆటోలో తార్నాక మీదుగా వెళ్ళాం. 2017లో మెట్రో వచ్చాక ఈ దారంతా స్తంభాలే. యూనివర్సిటీలోకి మళ్ళితే చెట్లు, చల్లగాలి. గులాబీరంగు గ్రానైటు మేడ ఎదురుగా కనబడగానే పిల్ల "ప్యాలెస్!" అంది. దీని నమూనా గీసింది జాస్పర్ అనే బెల్జియం ఆయననీ, 1939లో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారనీ అల్లుడుగారు చెప్పారు. స్తంభాలు చూస్తే అజంతా, ఎల్లోరా గుర్తొస్తాయి, పైన కమానులు చూస్తే మసీదు. 1918లో ఈ యూనివర్సిటీ పెట్టినప్పుడు పాఠాలన్నీ ఉర్దూలో చెప్పేవారట.

నేను కింది మెట్టు మీదే కూర్చున్నాను. "నీకిది ఎందుకంత ఇష్టం?" అంది మనవరాలు.

"ఇక్కడే ఎం.ఏ. తెలుగు చదివాను" అన్నాను.

అమ్మాయి చటుక్కున తిరిగి చూసింది. "నువ్వా? ఎప్పుడూ చెప్పలేదే!"

చెప్పడానికేముంది? 1978లో చేరాను. అప్పటికే పెళ్ళయింది. వంట ముగించి, తార్నాకలో బస్సు పట్టుకుని పరుగున వచ్చేదాన్ని. రెండో ఏడు పరీక్షలముందు వేవిళ్ళు. బస్సెక్కితే తల తిరిగేది. కాన్పయ్యాక రాద్దామనుకున్నాను. తర్వాత ఇల్లూ, పాలడబ్బాలూ, అత్తగారి పక్షవాతం. ఎవరూ చదువు మానెయ్యమని అనలేదు. చదవమనీ అనలేదు.

"కడుపులో ఎవరు?" అంది పిల్ల.

అమ్మాయికి అర్థమైపోయింది. ఏమీ అనలేదు. వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. మోకాలి మీద చెయ్యి వేసి, పులిహోర డబ్బా తెరిచేదాకా తియ్యలేదు. నీవల్ల కాదే పిచ్చిదానా అని అందామనుకున్నాను కానీ, ఎదురుగా పిల్ల ఉంది, గొంతు కూడా సహకరించలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే "ఆ పుస్తకాలేవి?" అంది. అటక మీద. అల్లుడుగారు స్టూలెక్కి దించారు. సగం చెదలు తినేశాయి. మిగిలిన నోట్సు పుస్తకం అట్ట మీద నా పేరు. మా మనవరాలికి తెలుగు మాటలొచ్చుగానీ అక్షరాలు రావు. "ఇదేంటి అమ్మమ్మా?" అని మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. మిగతా సాయంత్రమంతా దాంతోనే గడిచిపోయింది, రాత్రి వంట అమ్మాయే చేసింది.