టీకాల లెక్కలో తప్పిపోతున్నది ఎవరు?

దేశంలో 12 నుంచి 23 నెలల వయసు పిల్లల్లో 76.4 శాతం మందికి నిర్ణీత టీకాలన్నీ పడ్డాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 2015-16లో ఇది 62 శాతమే. ఈ ప్రగతికి దేవునికి స్తోత్రం. ఎండనక వాననక తిరిగే ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు మన వందనాలు. అయితే ఈ లెక్క ఎలా కట్టారో కూడా సంఘాలు తెలుసుకోవాలి.

లెక్క రెండు విధాలు. మొదటిది రికార్డులది. వేసిన డోసులను ఆ ప్రాంతంలో ఉండవలసిన పిల్లల అంచనా సంఖ్యతో పోలుస్తారు. ఆ అంచనాకు ఆధారమైన జనగణన 2011 నాటిది. అంచనా తక్కువైతే శాతం నూరు కూడా దాటుతుంది. రెండవది ఇంటింటి సర్వే. టీకాల కార్డు చూస్తారు, కార్డు లేకుంటే తల్లి చెప్పినది రాసుకుంటారు. కార్డు ఉన్న పిల్లలను మాత్రమే లెక్కిస్తే అదే సర్వేలో 83.8 శాతం వచ్చింది. కార్డు లేనిచోట టీకా పడలేదా, తల్లికి గుర్తు లేదా? శాతం ఆ సంగతి చెప్పదు.

ముత్యంపేట, కోరుట్ల ప్రాంతాన్నే చూడండి. తొలి కాన్పు తల్లిగారింట్లో. మొదటి టీకాలు అక్కడ, మిగిలినవి అత్తగారి ఊళ్లో. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల పనిలో ఉంటే టీకా రోజు దాటిపోవచ్చు. 2015లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. ఇలా పని పోయి ఊరు మారే కుటుంబాల పిల్లలు పాత జాబితాలో మిగిలిపోయి, కొత్త జాబితాకు ఎక్కకపోవచ్చు.

తట్టు వ్యాపించకుండా ఉండాలంటే దాదాపు 95 శాతం మందికి రెండు డోసులూ పడాలి. జిల్లా సగటు ఎంత బాగున్నా, టీకా పడని పిల్లలు ఒకే వాడలో ఉంటే అక్కడ తట్టు సోకుతుంది. డీపీటీ మొదటి డోసు కూడా అందని పిల్లలు మన దేశంలో 2023లో 16 లక్షల మంది, 2024లో 9 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనా. తగ్గడం సంతోషమే. కానీ ఆ 9 లక్షల మందినీ పేరుపేరునా వెతకాలి.

మంచి కాపరి తొంభై తొమ్మిదిని చూసి తృప్తిపడలేదు. బిడ్డను ప్రతిష్ఠకు తెచ్చిన రోజే కార్డు ఉందా అని పెద్దలు ప్రేమతో అడగాలి. కొత్తగా వచ్చిన కుటుంబాల పిల్లల సంగతి ఏఎన్‌ఎంకు చెప్పాలి. మతం, కులం చూడకుండా వాడంతటికీ ఈ సేవ చేద్దాం.