కాంక్రీటు నేలకు నీరే బలం

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఎన్నో మందుల కర్మాగారాలున్నాయి. అలాంటి చోట్ల సరుకు లారీలు, బరువులెత్తే బండ్లు తిరిగే నేలను కాంక్రీటుతో వేస్తారు. అది ఎండకు ఆరి గట్టిపడుతుందని అనుకుంటున్నారా? కాదు. సిమెంటు నీటితో రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది. నీరు ముందే ఆవిరైపోతే ఆ చర్య మధ్యలోనే ఆగిపోతుంది. నేల పగుళ్లు పడుతుంది, పైపొర పొడిగా రాలుతుంది. ఆ దుమ్ములోని సిలికా, రోజూ పీల్చే కార్మికుల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

అందుకే 2000 నాటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456, కాంక్రీటును కనీసం 7 రోజులు, వేడిగా పొడిగా ఉండే వాతావరణంలో 10 రోజులు తడిగా ఉంచమంటుంది. దాని బలాన్ని లెక్కకట్టేది 28వ రోజున.

"నీళ్లు దండుగ, పని ఆలస్యం" అని తొందరపడేవారున్నారు. నా దృష్టిలో ఆ తొందరే అసలు దండుగ. పాడైన నేలను తవ్వి మళ్లీ వేస్తే సిమెంటూ, నీరూ, కూలీ అన్నీ రెండింతలు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు పండుతుంది. ఆ నారతో గోనెగుడ్డ నేస్తారు. దాన్ని తడిపి కప్పితే కొద్ది నీటితోనే తడి నిలుస్తుంది.

మీ బడిలో కాంక్రీటు వేసినప్పుడు రోజులు లెక్కపెట్టండి. తడి ఆరితే, "ఎందుకు ఆరనిచ్చారు?" అని అడగండి.