మన వేలిముద్రకు సాక్ష్యం కావాల! వాళ్ల మెదడుకు మాట చాలునా?

కోసిగి అన్నలారా! అక్కలారా! సుగ్గికని వలస పోయొచ్చిన అవ్వలారా, తాతలారా!

ఒక్కసారి మీ బొటనవేలు చూసుకోండి. గుంటూరు చేలల్లో నెలల తరబడి మిరపకాయ కోసి కోసి గీతలు అరిగిపోయినాయి. రేషన్ షాపులో మిషన్ మీద పెడితే పట్టదు. కొంగుతో తుడుచుకోని మళ్లీ పెట్టు. పట్టదు! ఇంకో వేలు పెట్టు. పట్టదు! ‘రేపు రా అవ్వా’ అంటారు. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా చాలదు. ఈమె ఈమేనని మిషన్ ఒప్పుకోవాల!

కాలు పడిపోయినోడి సంగతి చూడండి. 6,000 పింఛను రావాలంటే సదరం సర్టిఫికెట్టు కావాల. అందులో వైకల్యం 40 శాతం పడాల. ఏండ్లుగా పింఛను తీసుకునేవాళ్లను కూడా 2025లో మళ్లీ డాక్టర్ల ముందు నిలబెట్టినారు. మంచం మీద నుంచి లేవలేనోళ్ల ఇంటికే వచ్చి పరీక్ష చేసినారు. కొడుకు భుజాన ఎక్కి పోయి ఆసుపత్రి వరండాలో పొద్దంతా కూర్చున్నోళ్లు మన వీధిలోనే ఉన్నారు. ‘నాకు కాలు లేదు సార్’ అని నోటితో చెప్తే ఎవరన్నా నమ్మినారా?

రైలు నడిపే డ్రైవర్‌కు ఇన్నేండ్లకొకసారి కళ్లు, ఒళ్లు పరీక్ష. వయసు పెరిగే కొద్దీ ఆ పరీక్షలు దగ్గరపడతాయి. మన స్టేషన్ మీదుగా పోయే ప్రతి బండికీ అదే రూలు. మంచి రూలే! వెనక పెట్టెల్లో ఉండేది మన ప్రాణాలు.

మరి కోట్ల మంది బతుకులు చేతిలో పెట్టుకున్న నాయకుడికి?

ఆయన నోటి మాటే సర్టిఫికెట్టు!

అమెరికా చూడండి. ట్రంప్ పుట్టింది 1946లో. నా మెదడు భేషుగ్గా ఉంది, పరీక్షలో 30కి 30 వచ్చినాయి అని 2018 నుంచి చెప్తున్నాడు. 2020లో టీవీ ముందు మనిషి, ఆడమనిషి, మగమనిషి, కెమెరా, టీవీ అని ఐదు మాటలు వరుసగా అప్పజెప్పి, ఇదెంత కష్టమైన పరీక్షో చూడండి అన్నాడు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 30కి 30 అన్నారు.

ఏంది ఆ పరీక్ష? పేరు మోకా. పది నిమిషాల పని. గడియారం బొమ్మ గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించాల. సింహం, ఖడ్గమృగం, ఒంటె బొమ్మలు చూసి పేర్లు చెప్పాల. 100 లోంచి ఏడు, మళ్లీ ఏడు తీసుకుంటూ పోవాల. ఐదు మాటలు విని, కాసేపటికి తిరిగి చెప్పాల. 26 గానీ, అంతకు పైన గానీ వస్తే మామూలే అంటారు. మతిమరుపు జబ్బు మొదలైందేమో అని పైపైన జల్లెడ పట్టడానికి చేసిన పరీక్ష ఇది. తెలివిని కొలిచేది కాదని దాన్ని తయారుచేసిన డాక్టర్ నస్రెద్దీనే చెప్పినాడు. కోపం అణచుకునే గుణం, నలుగురి మాట వినే ఓర్పు, తప్పైతే వెనక్కి తగ్గే బుద్ధి ఆ మార్కుల్లో కనపడవు!

ఇంకో మాట. 2018లో ఆ 30 మార్కులు లోకానికి చెప్పిన డాక్టరు రానీ జాక్సన్, 2020లో ట్రంప్ పార్టీ టికెట్టు మీదనే గెలిచి అమెరికా కాంగ్రెస్‌కు పోయినాడు. అట్లాంటి చోట సాక్ష్యం ఎవరు, చుట్టం ఎవరు?

ట్రంప్ మెదడు చెడిందని మేం అనడంలా. ఆ మాట అనే చదువు మాకు లేదు. ముసలితనం నేరమూ కాదు. మా వీధి అవ్వకు డెబ్బై దాటినాయి, మేస్త్రి కూలి లెక్క ఒక్క రూపాయి తప్పినా పట్టేస్తుంది! మా సందేహం వయసు మీద కాదు. మార్కులు వేసేదీ, చాటేదీ తన మనుషులే అయితే ఎట్లా నమ్మేది?

అవతలి పార్టీ బైడెన్‌దీ అదే కథ. 2024 ఫిబ్రవరిలో డాక్టరు ‘పనికి తగినవాడే’ అన్నాడు. మెదడు పరీక్ష అక్కర్లేదన్నారు. జూన్ 27న టీవీ చర్చలో మాట అందక తడబడితే లోకమంతా చూసింది. జులై 21న అధ్యక్ష పోటీ నుంచి తప్పుకున్నాడు.

‘అమెరికా గోల కోసిగికి ఎందుకప్పా?’ అంటారా? ఆదోని యార్డుకు పత్తి తోలేవాళ్లను అడగండి! 2025 ఆగస్టులో ట్రంప్ ఒక్క సంతకంతో మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కించినాడు. బట్టల మిల్లులు గోలపెట్టినాయి. ఆగస్టు 19న మన కేంద్రం విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. ముందు సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా సాగదీసినారు. అంటే సరిగ్గా మన పత్తి ఇంటికొచ్చే కాలం! ఆ ఏడు పొడుగు పింజకు మద్దతు ధర 8,110 అని కాయితంలో ఉండింది. తేమ 12 శాతం దాటితే సర్కారు పత్తి సంస్థ సీసీఐ కొనదు. వానకు తడిసిన పత్తి బోరాల మీద కూర్చుని రైతు ఎవరి మొగం చూడాల? ఆ సంతకం పెట్టిన తల ఎట్లా ఉందో అడిగే హక్కు ఆ రైతుకు లేదా?

ఇంటి పక్కకు రండి. తమిళనాడు. 2016 సెప్టెంబరు 22న ముఖ్యమంత్రి జయలలిత ఆసుపత్రిలో చేరినారు. 75 రోజులు! అమ్మ బాగున్నారు, ఇడ్లీ తిన్నారు అని పార్టీవాళ్లు చెప్తూ వచ్చినారు. డిసెంబరు 5న ఆమె పోయినారు. మరుసటి ఏడు మంత్రి దిండిగల్ శ్రీనివాసన్ సభలో నిలబడి, ఆ ఇడ్లీ మాట అబద్ధం, క్షమించండి అన్నాడు. ఏం పోయింది ఆయనకు? మోసపోయింది ఆసుపత్రి గేటు ముందు కొబ్బరికాయలు కొట్టిన కూలి జనం!

ఆసుపత్రిలో ఉండగానే ఉపఎన్నిక అభ్యర్థుల పార్టీ కాయితాల మీద ఆమె ఎడమ బొటనవేలి ముద్ర వేయించినారు. ఎన్నికల సంఘం తీసుకుంది! అవ్వా, నీ వేలు మిషన్ మీద మూడుసార్లు పెట్టినా పట్టదే! ఆ ముద్ర చెల్లదని మద్రాసు హైకోర్టు తేల్చేసరికి 2019 వచ్చింది. అప్పటికి ఆ ముద్రతో గెలిచిన తిరుప్పరంకుండ్రం ఎమ్మెల్యే కూడా చనిపోయినాడు.

మన దగ్గర? సుప్రీంకోర్టు గట్టిగా చెప్తే 2003 నుంచి అభ్యర్థులు ఆస్తి, అప్పు, కేసులు, చదువు రాసిస్తున్నారు. ఆరోగ్యం గడి లేదు! మతి స్థిమితం లేదని కోర్టు తేల్చితే తప్ప రాజ్యాంగం కూడా ఆపదు. ఆ కోర్టుకు పోయేదెవరు?

మేం అడిగేది ఒక్కటే. మనల్ని పరీక్షించే సర్కారు డాక్టర్ల బోర్డే వాళ్లనూ పరీక్షించాల. ఎమ్మెల్యే కానీ, ముఖ్యమంత్రి కానీ, ప్రధాని కానీ, నామినేషన్‌తో పాటు ఒక్క పేజీ సర్టిఫికెట్టు పెట్టాల. పదవి నుంచి దించే పని డాక్టరుకు వద్దు. ఆ పని మన ఓటుది. డాక్టరు నిజం రాస్తే చాలు.

వచ్చే గ్రామసభలో ఈ మాట తీర్మానంగా పెడదాం. సుగ్గికి పోయినోళ్లకు ఫోన్ చెయ్యండి, ఆ పూటకు వచ్చేయమనండి. సంతకం రానోళ్లు వేలిముద్ర వేయండి, అరిగిపోయిన వేలయినా సరే! ఆ కాయితం ఎన్నికల సంఘానికి పంపిద్దాం. ఇక ఓటడగడానికి ఏ పార్టీవాడు గడప ఎక్కినా కూర్చోబెట్టండి, నీళ్లివ్వండి, అడగండి:

‘అయ్యా, మా సదరం కాయితం ఇదిగో. మీది ఏదీ?’

— కోసిగి, చుట్టుపక్కల పల్లెల కూలీలు, రైతులు